ఐరిష్ జానపద సంగీత పునరుజ్జీవనంలో శ్రోతల పాత్ర: ప్లాంక్స్టీ నుంచి లాంకమ్ వరకు

1972 ఈస్టరు పండుగ రోజుల్లో ఐర్లండు పశ్చిమ తీరంలోని గాల్వే పట్టణంలో ఒక సంగీత సభ జరిగింది. జనం వచ్చింది అప్పటికే పేరుమోసిన గాయకుడు డొనొవన్ పాట వినడానికి. ఆయనకు ముందు కాసేపు పాడడానికి నలుగురు ఐరిష్ యువకులు వేదిక ఎక్కారు. క్రిస్టీ మూర్, ఆండీ ఇర్విన్, డోనల్ లన్నీ, లియమ్ ఓఫ్లిన్ అనే ఆ నలుగురి బృందం పేరు ప్లాంక్స్టీ. పాట మొదలైన కొద్దిసేపటికే సభలో పెద్ద హోరు చెలరేగింది. దీపాల వెలుగు కళ్లలో పడుతున్నందువల్ల ఇర్విన్‌కు ఎదుట ఉన్నవారు కనబడలేదు. వినబడిన అరుపులు మాత్రం ఆయనను కలవరపెట్టాయి. జనం తిరగబడుతున్నారేమోనని భయపడ్డాడు. అది కోపం కాదు, పట్టలేని సంతోషం అని ఆయనకు బోధపడడానికి కొన్ని నిమిషాలు పట్టింది.

ప్లాంక్స్టీ చరిత్ర చెప్పేవారు ఈ ఉదంతాన్ని సాధారణంగా ఒక సరదా ముచ్చటగా చెప్పి ముందుకు సాగిపోతారు. చరిత్రకారుడు మాత్రం దీని దగ్గర కొంతసేపు ఆగవలసి ఉంది. జానపద సంగీత పునరుజ్జీవనాల చరిత్ర చాలావరకు కళాకారుల చరిత్రగానో, సేకర్తల చరిత్రగానో రూపొందింది. వినేవారు అందులో సంఖ్యగా మాత్రమే కనిపిస్తారు. కాని గాల్వేలో ఆ రోజు కొత్తగా పుట్టినది పాట కాదు. పాటలు పాతవే, వాద్యమూ పాతదే. కొత్తగా పుట్టినది ఆ హోరు. ఆ ఉత్సాహం దేనిని నిలబెట్టింది, ఎవరిని మరుగుపరచింది, అర్ధశతాబ్ది తరువాత లాంకమ్ అనే నేటి బృందం చుట్టూ చేరిన శ్రోతలలో అది ఏ రూపం దాల్చింది అన్న ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

పూర్వరంగం

ఇరవయ్యో శతాబ్ది తొలి సగంలో ఐర్లండు పల్లెల సంగీతానికి సభ అంటే వంటింటి నేల. ఇరుగుపొరుగువారు ఒక ఇంట చేరి వాయించుకునేవారు, ఆడేవారు. 1935లో వచ్చిన బహిరంగ నృత్యశాలల చట్టం నృత్యానికి అనుమతి పత్రం తప్పనిసరి చేసింది. చట్టం అక్షరాల ఇళ్లను ఉద్దేశించిందా లేదా అన్నది వేరే చర్చ. పల్లెల్లో మతాధికారులు, పోలీసులు దానిని ఇంటి నృత్యాల మీద కూడా ప్రయోగించారు. దానికి వలస తోడైంది. వాయించేవారూ వినేవారూ కూడా ఇంగ్లండుకూ అమెరికాకూ తరలిపోయారు. ఊళ్లో మిగిలిన యువతకు ఈ సంగీతం వెనుకబాటుతనానికి గుర్తుగా కనిపించసాగింది.

ఈ స్థితిని మార్చడానికి జరిగిన ప్రయత్నాలలో మూడింటిని పేర్కొనాలి. 1951లో సంప్రదాయ సంగీతకారుల సంఘం ‘కోల్తస్’ ఏర్పడి, అదే సంవత్సరం ముల్లింగార్‌లో తొలి సంగీతోత్సవం జరిపింది. షాన్ ఓ రీడా అనే స్వరకర్త 1960 ప్రాంతంలో సంప్రదాయ వాద్యకారులను ఒక బృందంగా కూర్చి, వారిని నల్లని సూట్లలో కచేరీ వేదిక మీద కూర్చోబెట్టాడు. 1961లో క్లాన్సీ సోదరులు అమెరికా టెలివిజన్‌లో తెల్లని ఉన్ని స్వెట్టర్లు ధరించి పాడి, ఆ పాటలను పానశాలల సమూహగానంగా ప్రచారంలోకి తెచ్చారు. ఈ మూడూ మూడు రకాల శ్రోతలను తయారుచేశాయి. మొదటిది పోటీలను శ్రద్ధగా గమనించే అభిమానిని, రెండవది నిశ్శబ్దంగా కూర్చుని వినే నగర విద్యావంతుణ్ణి, మూడవది పల్లవి దగ్గర గొంతు కలిపే పానశాల మిత్రుణ్ణి ముందుకు తెచ్చింది. రాక్ సంగీతంతో పెరిగిన ఇరవై ఏళ్ల యువకుడికి ఈ మూడింటిలోనూ పూర్తిగా చోటు దొరకలేదు.

ఆ చోటును ప్లాంక్స్టీ ఇచ్చింది. సభ్యుల నేపథ్యమే దానికి కొంత కారణం. మూర్ బ్యాంకు గుమాస్తాగా పనిచేస్తూ 1966 నాటి బ్యాంకు సమ్మె కాలంలో ఇంగ్లండు వెళ్లి, అక్కడి జానపద క్లబ్బుల్లో పాడడం వృత్తిగా చేసుకున్నవాడు. లండన్‌లో పుట్టిన ఇర్విన్ బాల్కన్ దేశాలలో తిరిగి అక్కడి లయలను వంటబట్టించుకున్నాడు. లన్నీ గ్రీకు వాద్యమైన బుజూకీని ఐరిష్ పాటకు పక్కవాద్యంగా మలచినవారిలో ముఖ్యుడు. ఓఫ్లిన్ ఒక్కడే నిక్కమైన సంప్రదాయ శిక్షణ పొందిన పైపర్. మూర్ ‘ప్రాస్పరస్’ అనే రికార్డు కోసం కిల్డేర్ మండలంలో అదే పేరు గల గ్రామంలో వీరిని కూడగట్టాడు. బృందం అక్కడే మొలకెత్తింది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో జీవించిన అంధ వైణికుడు కారొలన్ తన పోషకుల గౌరవార్థం కట్టిన కొన్ని వరుసలకు ‘ప్లాంక్స్టీ’ అన్న పేరు ఉంది. పోషకుణ్ణి కీర్తించే మాటను రాజపోషణ లేని కాలంలో టిక్కెట్టు కొని వచ్చే యువత ముందు పాడిన బృందం పేరుగా పెట్టుకోవడంలో ఒక చమత్కారం ఉంది. ఇది వారు ఉద్దేశించినది కాకపోవచ్చు.

పైపుల పునరాగమనం

ప్లాంక్స్టీ శ్రోతలను ఎక్కువగా కదిలించినది ఇలియన్ పైపుల నాదం అన్న విషయంలో చరిత్రకారులకు పెద్దగా అభిప్రాయభేదం లేదు. ఈ వాద్యం స్కాట్లండు సైనికుల పైపుల వంటిది కాదు. తెలుగునాట వీథినాటకాల్లో శ్రుతి కోసం వాడిన తిత్తిని ఎరిగినవారికి దీని మూలసూత్రం సులువుగా అర్థమవుతుంది. అయితే ఇందులో తిత్తిని నోటితో ఊదరు. మోచేతి కింద ఇరికించిన కొలిమితిత్తితో గాలి నింపుతారు. శ్రుతి గొట్టాలతో పాటు స్వరాలు పలికించే గొట్టం, మణికట్టుతో మీటలు నొక్కి తోడు స్వరాలు పలికించే మరికొన్ని గొట్టాలు ఉంటాయి. వాయించేవాడు కూర్చునే వాయించాలి. నేర్వడానికి ఏళ్లు పడుతుంది, తయారుచేయగలవారు అరుదు. 1968లో పైపర్లు తమ సంఘం స్థాపించుకున్ననాటికి వాయించేవారు కొద్దిమందే మిగిలారు.

ప్లాంక్స్టీ తొలి రికార్డు 1973లో వెలువడింది. అందులోని మొదటి అంశం ఒక కథాగేయం. సంపన్న గృహం విడిచి సంచారుల వెంట వెళ్లిపోయిన స్త్రీ కథ అది. ఆ పాట చివర ఆగకుండా పదిహేడో శతాబ్దికి చెందిన ఒక వీణావరుసలోకి జారుతుంది, పైపులు అందుకుంటాయి. పాట ఒక వర్గానిది, వరుస మరొక వర్గానిది. సంచారుల నోట బతికిన గేయమూ, ప్రభువుల మందిరాల్లో పుట్టిన వరుసా ఒకే ఊపిరిలో వినిపించాయి. నాటి శ్రోతలు పరవశించినది సరిగ్గా ఈ మలుపు దగ్గరే. పాటనుంచి వాద్యానికి మారే ఆ క్షణం కోసం సభలు ఎదురుచూసేవి.

ఈ ఉత్సాహం చప్పట్లతో ముగియలేదు. 1973 జనవరిలో క్లేర్ మండలానికి చెందిన మహాపైపర్ విలీ క్లాన్సీ మరణించాడు. అదే సంవత్సరం వేసవిలో ఆయన స్వస్థలమైన మిల్‌టౌన్ మాల్బేలో ఆయన పేరిట సంగీత పాఠశాల మొదలై, ఏటా జూలైలో జరుగుతూ వస్తోంది. రికార్డు విన్న కుర్రవాడు వాద్యం నేర్వడానికి ఆ ఊరు వెళ్లడం, అక్కడ వీధి పక్క పానశాలలో ముసలి వాద్యకారుడి పక్కన కూర్చుని వినడం ఒక తరానికి వాడుకైంది. 2017లో ఇలియన్ పైపుల వాదనం యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. ఈ నలభై అయిదేళ్ల పరిణామాన్ని ఒక్క ప్లాంక్స్టీకే ఆపాదించడం అతిశయోక్తి అవుతుంది. పైపర్ల సంఘం చేసిన నిశ్శబ్ద శ్రమ అందులో అధికభాగం. కాని నేర్పడానికి సంఘం సిద్ధంగా ఉన్నప్పుడు నేర్వడానికి మనుషులు రావాలి గదా. ఆ మనుషులను పంపినది శ్రోతల ఉత్సాహమే.

జాన్ రీలీ

ఇక్కడినుంచి కథ అంత సుఖంగా సాగదు. పైన చెప్పిన కథాగేయాన్ని మూర్ గ్రహించినది జాన్ రీలీ అనే గాయకుడి నుంచి. రీలీ ఐరిష్ ట్రావెలర్. ట్రావెలర్లు తరతరాలుగా బండ్ల మీద ఊరూరా తిరుగుతూ, గిన్నెలకు మాట్లు వేస్తూ, గుర్రాలు అమ్ముతూ బతికిన సంచార సమాజం. రీలీ వృత్తి కూడా రేకుపనే. ఆయన చివరి రోజులు రాస్కామన్ మండలంలోని బాయిల్ పట్టణంలో కడు పేదరికంలో గడిచాయి. టామ్ మనెల్లీ అనే యువ సేకర్త ఆయన పాటలను ధ్వనిముద్రణ చేశాడు. 1969లో, నడివయసులోనే, రీలీ మరణించాడు. గాల్వే సభకు అప్పటికి ఇంకా మూడేళ్లు ఉంది.

మనెల్లీ సేకరించిన పాటల్లో ఒకదానికి విశేష ప్రాధాన్యం ఉంది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882, 1898 సంవత్సరాల మధ్య ప్రచురించిన ఇంగ్లీషు, స్కాటిష్ కథాగేయాల మహాసంకలనంలో 305 గేయాలు ఉన్నాయి. అందులో 21వ గేయం బావి దగ్గర ఒక స్త్రీకి ఎదురైన బాటసారి ఆమె దాచిన పాపాలను బయటపెట్టే కథ. ఇంగ్లీషు మౌఖిక సంప్రదాయంలో అది అంతరించిందనే పండితులు భావిస్తూ వచ్చారు. అది రీలీ నోట సజీవంగా దొరికింది. రక్తసంబంధీకుల దుష్కృత్యం, శిశుహత్య ఇతివృత్తంగా గల ఆ భయంకర గేయాన్ని ప్లాంక్స్టీ 1973లోనే తమ రెండవ రికార్డులో పాడి, ఆ రికార్డుకు దాని పేరే పెట్టింది. ‘ద వెల్ బిలో ద వ్యాలీ’ అన్న ఆ పేరు ఇల్లిల్లూ చేరింది. రీలీ స్వయంగా పాడిన పాటలు ‘ద బానీ గ్రీన్ ట్రీ’ అన్న రికార్డుగా టాపిక్ సంస్థ ద్వారా వెలువడినది 1978లో. అంటే పాట వ్యాప్తిలోకి వచ్చిన అయిదేళ్లకూ, పాడినవాడు పోయిన తొమ్మిదేళ్లకూ ఆ గొంతు ప్రజలకు అందింది.

మూర్ ఈ రుణాన్ని దాచలేదు. రీలీ పేరును ఆయన జీవితమంతా చెబుతూనే వచ్చాడు. 1983 నాటి ప్లాంక్స్టీ రికార్డులో పాడిన ‘లార్డ్ బేకర్’ సైతం రీలీ పాటే. కనుక దీనిని చౌర్యంగా చిత్రించడం సరికాదు. సమస్య గాయకుడిలో కన్నా వినికిడిలో ఉంది. సభలో ఉత్సాహం ఎప్పుడూ ఎదుట ఉన్నవారి మీదికే ప్రవహిస్తుంది. పాట వెనుక నిలిచిన మనిషి వారికి ఒక పేరుగా మాత్రమే మిగులుతాడు, ఆ పేరును కూడా శ్రోతల్లో అధికులు పట్టించుకోరు.

నాటి సామాజిక స్థితిని దీనికి జతచేసి చూడాలి. 1963లో వెలువడిన ప్రభుత్వ కమిషన్ నివేదిక ట్రావెలర్లను ఒక ‘సమస్య’గా పరిగణించి, స్థిరనివాసం కల్పించి వారిని సమాజంలో కలిపివేయడమే పరిష్కారమని భావించింది. వారికి తమదైన సంస్కృతి ఉన్నదన్న స్పృహ ఆ నివేదిక దృష్టిలో లేదు. సంచారుల వెంట వెళ్లిపోయిన ఇల్లాలి కథకు సభలో ఈలలు వేసిన శ్రోత, తన ఊరి శివారులో ఆగిన సంచారుల బండి పట్ల అదే ఆదరం చూపాడా? చూపని ఊళ్లే ఎక్కువ. పానశాలల్లో ట్రావెలర్లకు ప్రవేశం నిరాకరించడం ఆ దశాబ్దాలలో సర్వసాధారణం. అదే పానశాలల్లో వారి పాటలు మారుమోగాయి.

పైపుల చరిత్రలోనూ ఇదే నీడ కనిపిస్తుంది. విలీ క్లాన్సీ వాదనాన్ని తీర్చిదిద్దిన ప్రభావాలలో ముఖ్యమైనది జానీ డోరన్‌ది. డోరన్ ట్రావెలర్. గుర్రపు బండిలో కుటుంబంతో తిరుగుతూ, సంతల్లో, గుర్రప్పందేల దగ్గర వాయించి పొట్టపోసుకున్నవాడు. 1947లో ఐరిష్ జానపద విజ్ఞాన కమిషన్ కోసం కెవిన్ డానహర్ ఆయన వాదనాన్ని ముద్రించాడు. ఆ తరువాత కొద్దికాలానికే బండి మీద గోడ కూలి డోరన్ తీవ్రంగా గాయపడ్డాడు, 1950లో మరణించాడు. ఆ ఒక్క సందర్భం లేకపోతే ఆయన సంగీతం మనకు మిగిలేదే కాదు. పైపుల నాదం విని గాల్వే యువత పులకించినప్పుడు, ఆ నాదంలో డోరన్ చేతివాటం ఎంత ఉందో తెలిసినవారు సభలో ఎందరుంటారు?

మరొక నష్టాన్నీ గుర్తించాలి. మౌఖిక సంప్రదాయంలో ప్రతి గాయకుడి నోటా పాటకు ఒక పాఠాంతరం ఉంటుంది. ప్లాంక్స్టీ రికార్డుల వ్యాప్తి తరువాత వారు పాడిన పాఠమే ప్రామాణికమైపోయింది. మండలానికి ఒక తీరుగా ఉన్న పాటను కొత్త తరం ఒకే వరుసలో, ఒకే మాటలతో, అవే విరామాలతో పాడసాగింది. అభిమానం ఎంత గాఢమైతే అనుకరణ అంత నిశితమవుతుంది. పునరుజ్జీవనం పాటను బతికించింది, దాని చుట్టూ ఉన్న వైవిధ్యాన్ని కొంత పలచబరచింది.

వినేవారు వెతికేవారైనప్పుడు

ప్లాంక్స్టీ 1975లో విడిపోయి, 1979లో మళ్లీ కలిసి, 1983 వరకు సాగింది. 1981లో డబ్లిన్‌లో జరిగిన యూరోవిజన్ పోటీ విరామంలో వారు వాయించిన అంశాన్ని 1994 నాటి ‘రివర్‌డాన్స్’కు పూర్వరూపంగా చెబుతారు, రెంటికీ బిల్ వీలన్ ప్రమేయం ఉంది. ఆ తరువాత ఇరవై ఏళ్లు బృందం లేదు. శ్రోతలు మాత్రం ఉన్నారు.

2003లో లీగ్స్ ఓటూల్ అనే పాత్రికేయుడు ఐరిష్ టెలివిజన్ కోసం ప్లాంక్స్టీ మీద ఒక కార్యక్రమం చేశాడు. ఆయన బృందంతో కలిసి పెరిగినవాడు కాదు; తరువాతి తరం అభిమాని. ప్రసారానికి వచ్చిన స్పందన నలుగురు సభ్యులను మళ్లీ ఒకచోట చేర్చింది. ఆ శరదృతువులో లిస్డూన్‌వార్నాలోని ఒక హోటల్లో కొద్దిమంది ముందు వారు మళ్లీ వాయించారు. 2004 ఆరంభంలో ఎన్నిస్‌లోనూ, డబ్లిన్‌లోని వికార్ స్ట్రీట్ మందిరంలోనూ వరుస కచేరీలు జరిగాయి. 1972లో బృందం శ్రోతలను సృష్టించింది. 2003లో శ్రోత బృందాన్ని తిరిగి సృష్టించాడు. 2006లో ఓటూల్ బృందం చరిత్రను గ్రంథంగా ప్రకటించాడు కూడా.

అయితే శ్రోతల ప్రవృత్తిలో వచ్చిన లోతైన మార్పు ఈ పునస్సమాగమంలో కన్నా, లాంకమ్ పుట్టుకలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇయన్ లించ్, డారా లించ్ అనే డబ్లిన్ సోదరులు ఇరవై ఒకటో శతాబ్ది తొలి సంవత్సరాలలో ‘లించ్డ్’ అనే పేరుతో పాడసాగారు. అది వారి ఇంటిపేరు మీద ఆడిన మాట. తరువాత రాడీ పీట్, కార్మాక్ మాక్ డియర్మడా చేరారు. తమ పేరు అమెరికా నల్లజాతీయుల మీద జరిగిన మూకహత్యలను స్ఫురింపజేస్తున్నందున 2016లో దానిని వదులుకున్నారు. కొత్త పేరును జాన్ రీలీ పాడిన ఒక గేయం నుంచి తీసుకున్నారు. ‘ఫాల్స్ లాంకమ్’ అనే ఆ గేయం చైల్డ్ సంకలనంలో 93వది, మోసంతో ఇంట ప్రవేశించి హత్యలు చేసే దుష్టుడి కథ.

ఈ ఎంపికను పరిశీలించాలి. ప్లాంక్స్టీ అన్న పేరు పోషకుణ్ణి స్మరిస్తే, లాంకమ్ అన్న పేరు రేకుపనివాడైన గాయకుణ్ణి స్మరిస్తుంది. పంక్, ఎలక్ట్రానిక్ సంగీతాలు వింటూ పెరిగిన డబ్లిన్ యువకులు ఆ గేయాన్ని ఎరిగి ఉండడానికి కారణం వారు రికార్డు దగ్గర ఆగిపోకపోవడమే. ఇయన్ లించ్ విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానం అధ్యయనం చేశాడు, ఇలియన్ పైపులు నేర్చాడు, పాత ధ్వనిముద్రణలను పరిచయం చేసే శ్రవ్య కార్యక్రమం నిర్వహిస్తున్నాడు. మొదటి తరం శ్రోత పాట విని పులకించాడు. ఈ తరం శ్రోత ఆ పాట ఎక్కడినుంచి వచ్చిందని అడిగాడు, అడిగి అభిలేఖాగారం మెట్లు ఎక్కాడు, అక్కడినుంచి తానే గాయకుడై దిగివచ్చాడు.

2017లో వెలువడిన లాంకమ్ రికార్డు మొదటి పాట మేరీ డెలేనీ అనే అంధ ట్రావెలర్ గాయని నుంచి వచ్చినది. జిమ్ కారొల్, పాట్ మెకెంజీ లండన్‌లో ఆమె పాటలను ముద్రించారు. చేతిలో డబ్బు లేనివారి చిన్న పాట అది. అదే సంవత్సరం మార్చి 1న ఐర్లండు ప్రభుత్వం ట్రావెలర్లను ప్రత్యేక జాతిగా గుర్తిస్తున్నట్టు పార్లమెంటులో ప్రకటించింది. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం లేదు. గుర్తింపు ట్రావెలర్ల సంఘాలు దశాబ్దాలుగా చేసిన పోరాట ఫలితం. పాటలు హక్కులు తెచ్చిపెట్టాయని చెప్పే తొందర అభిమానులకు ఉంటే ఉండవచ్చు, చరిత్రకారులకు ఉండకూడదు.

2019 రికార్డుతో లాంకమ్‌కు ఐర్లండులో ఆ సంవత్సరపు ఉత్తమ రికార్డు పురస్కారం దక్కింది. దాని ఆరంభగీతం ‘ద వైల్డ్ రోవర్’. ఐరిష్ పానశాలలో ఇంతకన్నా అరిగిపోయిన పాట లేదు. పల్లవిలో ఎక్కడ చప్పట్లు కొట్టాలో పర్యాటకుడికి కూడా తెలుసు. లాంకమ్ దానిని సుమారు పది నిమిషాల పాటు, మంద్ర శ్రుతుల బరువు మీద, తాగుడుకు బతుకు అర్పించిన మనిషి పశ్చాత్తాపంగా పాడింది. హార్మోనియం, కాన్సర్టీనా, పైపుల శ్రుతి గుహలో మోగినట్టు మోగుతుంది. అలవాటైన చోట చప్పట్లకు తావు లేదు. 2023 నాటి ‘ఫాల్స్ లాంకమ్’ రికార్డు ఇదే ధోరణిని మరింత చీకటిలోకి తీసుకువెళ్లి, బ్రిటన్‌లోని మెర్క్యురీ పురస్కారపు తుది జాబితాలో నిలిచింది. అదే ఏడాది వికార్ స్ట్రీట్ కచేరీల ముద్రణ 2024లో రికార్డుగా వచ్చింది. ప్లాంక్స్టీ పునస్సమాగమం జరిగిన మందిరం అదే.

ఆ ముద్రణలో వినిపించే శ్రోతలు గాల్వే శ్రోతలకు భిన్నమైనవారు. పాట సాగుతున్నంతసేపూ నిశ్శబ్దం, ముగిశాక హోరు. మెటల్ సంగీతం వినేవారూ, సంప్రదాయ సంగీతం వినేవారూ పక్కపక్కన నిలబడే సభ ఇది. దీనిలో కొంత వేలంవెర్రి లేకపోలేదు. విమర్శకుల ప్రశంసలు చదివి వచ్చి, పాట సగంలో గడియారం చూసుకునేవారు ఏ ఊరి సభలోనైనా ఉంటారు. కాని పేరు విని అర్థం వెతికే శ్రోతకు ఇప్పుడు దారి ఉంది: లాంకమ్ అన్న మాట వెంట వెళితే రీలీ గొంతు దొరుకుతుంది.

ఆ గొంతు దగ్గర ఆగకుండా నడిచేవారికి ట్రావెలర్ గాయకుడు థామస్ మెకార్తీ ఎదురవుతాడు. లండన్‌లో పెరిగిన ఆయన తల్లి నుంచీ తాత నుంచీ నేర్చుకున్న పాటలతో 2010లో ‘రౌండ్ టాప్ వాగన్’ రికార్డు వెలువరించాడు. తన వారి పాటను, తన వారి పేరుతోనే, వేదిక మీద తానే నిలబడి వాద్యం లేకుండా పాడతాడు.